వన్నెను మించిన వారసత్వం

కొన్నేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో నందిగామ దాపున ఉన్న మా బంధువుల ఊరికి వెళ్లాను. పత్తి ఏరడం ముగిసిన ఒక చేలో గొర్రెల మంద దిగి ఉంది. ఎరువు కోసం రాత్రివేళ పొలంలో మందను కట్టించుకోవడం ఆ మెట్ట ప్రాంతపు రైతులకు తరతరాల అలవాటు. మంద దాదాపు అంతా తెలుపే. ఒక్క గొర్రెను మాత్రం విడిగా గూటానికి కట్టివేశారు. దాని పొదుగు కింద కారునల్లని పిల్ల ఒకటి తోక ఆడిస్తూ పాలు తాగుతోంది.

"పెద్దయ్యా, దీన్ని విడిగా కట్టారెందుకు?" అని అడిగాను.

"నల్లపిల్లను ఈనింది బాబూ. మా పొట్టేలు చూశావా, పాలమీగడలా ఉంటుంది. తప్పు తల్లిదే గదా! వచ్చే సంతకు తోలేస్తాం" అన్నాడాయన.

"ఆ నలుపులో సగం మీ పొట్టేలు ఇచ్చిందే పెద్దయ్యా" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "అట్లయితే పొట్టేలును కూడా అమ్మేయమంటావా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు ఆనాడు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. అది పరిహాసంగా అడిగినదే అయినా, పశుపోషణలో అతి ముఖ్యమైన ప్రశ్న. కంటికి కనిపించే వన్నెను బట్టి, ఎత్తును బట్టి ఒక జీవిని ఉంచాలా, వదిలించుకోవాలా అని నిర్ణయించవచ్చునా? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న సమాధానం.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు పూర్వపు కృష్ణా జిల్లాకు ఎగువ భాగాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. డెల్టా భూముల పచ్చదనం ఇక్కడ అన్నిచోట్లా కనిపించదు. సున్నపురాతి నేలలు, పత్తి చేలు, మిరప తోటలు, మున్నేరు, పాలేరు వాగుల గట్లు ఇక్కడి దృశ్యాలు. వానలు ముఖం చాటేసిన ఏడు పంట పోయినా మంద మిగులుతుంది. పిల్లల చదువుకు, ఆడపిల్ల పెళ్లికి, ఆసుపత్రి ఖర్చుకు నాలుగు జీవాలను అమ్మి గట్టెక్కిన కుటుంబాలు ఎన్నో. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవ స్థానం. తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు ఉన్నట్లు ఆ లెక్కలు చెప్పాయి. కాబట్టి ఒక పొట్టేలును ఎలా ఎంచుకోవాలన్నది కేవలం ముచ్చటకు సంబంధించిన విషయం కాదు. అది లక్షల కుటుంబాల బతుకుతెరువు.

గొర్రెలను రంగును బట్టి గుర్తించడం మనకు కొత్త కాదు. మన దేశపు గొర్రెల్లో అత్యంత పొడగరిగా పేరుపొందిన నెల్లూరు గొర్రెలో మూడు రకాలున్నాయి. ఒళ్లంతా తెల్లగా ఉండి, తల మీదనో మెడ మీదనో లేత గోధుమ రంగు చుక్కలు మాత్రమే ఉంటే అది పల్ల. తెల్లని దేహం మీద కళ్ల చుట్టూ, పెదవుల వద్ద, కింది దవడ మీద నల్లని మచ్చలుంటే అది జోడిపి. ఒళ్లంతా ఎర్రని గోధుమ వన్నె అయితే అది దోర. ఇక కృష్ణానదికి ఇరువైపులా ఉన్న గుంటూరు, కృష్ణా, ప్రకాశం, నల్గొండ పూర్వ జిల్లాల సీమ మాచర్ల గొర్రెకు పుట్టినిల్లు. తెల్లని ఒంటి మీద పెద్ద పెద్ద నల్లని లేదా గోధుమ రంగు మచ్చలు దీని గుర్తు. తరతరాలుగా కాపరులు కాపాడుకుంటూ వచ్చిన ఈ గొర్రె 2024 నాటికి ప్రత్యేక జాతిగా జాతీయ నమోదు జాబితాలో స్థానం సంపాదించింది. ఆ జాబితాను హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నిర్వహిస్తుంది. మన కాపరుల ఓర్పుకు దక్కిన గౌరవమిది.

అయితే పేరు వచ్చిన ప్రతి జాతికీ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. జాతి అంటే మచ్చలే అని, శ్రేష్ఠత అంటే ఎత్తే అని జనం అనుకోవడం మొదలవుతుంది. కనుకనే ఈ రెండు లక్షణాలూ తరం నుంచి తరానికి ఎలా సంక్రమిస్తాయో తెలుసుకోవడం అవసరం.

ముందుగా రంగు సంగతి చూద్దాం. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని సామెత. తెల్ల తల్లికి, తెల్ల తండ్రికి నల్లపిల్ల పుట్టడం ఈ సామెతకు విరుద్ధంగా తోస్తుంది. నిజానికి విరుద్ధం కాదు. విత్తులో ఉన్నదంతా చెట్టు పైకి కనబడదు, అంతే. గ్రెగర్ మెండల్ 1866లో ప్రకటించిన బఠానీ ప్రయోగాల ఫలితాలు చెప్పినదిదే. ప్రతి లక్షణానికి సంతానం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు అందుకుంటుంది. రెండూ వేర్వేరు అయినప్పుడు ఒకటి పైకి కనిపిస్తుంది, రెండవది అణగి ఉంటుంది. మొదటిదాన్ని బహిర్గత లక్షణమని, రెండవదాన్ని అంతర్గత లక్షణమని మన జీవశాస్త్ర గ్రంథాలు పిలుస్తాయి.

ప్రపంచంలోని అనేక గొర్రె జాతుల్లో తెలుపు బహిర్గతం, నలుపు అంతర్గతం. మెరినో గొర్రెల తెలుపునకు అగౌటి అనే జన్యువు ఒకటికి మించిన నకళ్లుగా ఉండడమే కారణమని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో నిరూపించారు. తెల్లగా ఉన్న తల్లీ తండ్రీ ఇద్దరూ నలుపును లోపల దాచుకొని ఉంటే వాటి ప్రతి ఈతలోనూ నల్లపిల్ల పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లి ఒక్కటే దాచుకొని, తండ్రి దాచుకోకపోతే నల్లపిల్ల పుట్టనే పుట్టదు. అంటే అటువంటి మందలో పుట్టిన నల్లపిల్ల తల్లి దోషానికి రుజువు కాదు, తల్లిదండ్రులిద్దరి వారసత్వానికి సాక్ష్యం. అయినా గూటానికి కట్టుబడింది తల్లి. పొట్టేలు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఈ అన్యాయం గొర్రెలకే పరిమితమా? నల్లని బిడ్డ పుడితే కోడలిని, ఆడపిల్ల పుడితే తల్లిని నిందించే ఇళ్లు నేటికీ లేవా? మనిషి మేని ఛాయ గొర్రె రంగు కన్నా జటిలమైనది, దానిలో అనేక జన్యువుల పాత్ర ఉంది. అందులో తండ్రి వాటా తల్లి వాటాతో సమానమే. ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమే. శాస్త్రం చదువుకున్నవారు ఈ మాటను గొర్రెల దొడ్డిలోనూ, ఇంటి వసారాలోనూ ఒకే ధైర్యంతో చెప్పగలగాలి.

ఇక పరిమాణం మాట. రంగు కొద్దిపాటి జన్యువుల చేతిలో ఉంటే, దేహం ఎత్తు, బరువు అనేక జన్యువుల సమష్టి ఫలితం. ఒక్కొక్క జన్యువు ప్రభావం అత్యల్పం. దానికి తోడు తల్లి పాలు, మేత, రోగాలు, పుట్టిన ఋతువు, కవలగా పుట్టిందా ఒంటరిగా పుట్టిందా అనేవి కూడా బరువును నిర్ణయిస్తాయి. చాలా పొడవైన తల్లిదండ్రుల సంతానం సగటున వారికంటే కొంత పొట్టిగా ఉంటుందని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో గణాంకాలతో చూపించాడు. పెక్కు జన్యువుల కూడిక వల్ల ఇటువంటి లక్షణాలు ఎలా సంక్రమిస్తాయో రోనాల్డ్ ఫిషర్ 1918లో వివరించాడు.

దీనిని మన మందకు అన్వయించి ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకే వయసు, ఒకే మేత గల పొట్టేళ్ల సగటు బరువు 30 కిలోలు అనుకుందాం. వాటిలో 36 కిలోలు తూగిన పొట్టేలును ఎంచుకున్నాం. ఆధిక్యం 6 కిలోలు. అందులో మూడో వంతు మాత్రమే వంశపారంపర్యమనుకుంటే అది 2 కిలోలు. పిల్లకు తండ్రి నుంచి వచ్చేది సగమే కనుక సగటున మిగిలే లాభం 1 కిలో. చూసి మురిసిపోయిన 6 కిలోలు ఎక్కడ? మందలోకి దిగిన 1 కిలో ఎక్కడ? ఆ ఒక్క కిలో తీసిపారేయదగినది కాదు. తరం తరువాత తరం ఓపికగా ఎంచితే అది పేరుకుంటుంది. కాని ఒక్క భారీ పొట్టేలును తెచ్చి విడిచినంత మాత్రాన మంద అంతా భారీ అవుతుందనుకోవడం భ్రమ. పైగా అమ్మకానికి ముందు దాణా మెండుగా పెట్టి పెంచిన పొట్టేలు బరువులో దాణా వాటా ఎంతో, పుట్టుక వాటా ఎంతో కంటితో చెప్పడం అసాధ్యం.

కేవలం వన్నె కోసం, ఆకారం కోసం జీవులను పెంచితే ఏమవుతుందో తెలియాలంటే మంద దాటి ఒకసారి బయటి లోకంలోకి చూడాలి. అమెరికా, ఐరోపా దేశాల్లో లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లిని ఇళ్లలో పెంచుకోవడం పెద్ద వేడుక. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వంటి పొడి నేలలు దాని స్వస్థలం. దాని దాయాది ఒకటి మన విశాఖపట్నం వైపు తూర్పు కనుమల్లోనూ ఉంది, 2022లో శాస్త్రజ్ఞులు దానిని కొత్త జాతిగా వర్ణించారు. పెంపకందారులు ఈ బల్లుల్లో పసుపు, నారింజ, తెలుపు వన్నెలను, సాధారణం కంటే పెద్ద దేహాన్ని ఏరి ఏరి పెంచారు. వాటిలో వర్ణకం లేని పాలిపోయిన బల్లులు మూడు వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టాయి. చూడడానికి మూడూ ఇంచుమించు ఒకటే. కాని ఒక వంశపు బల్లిని మరొక వంశపు బల్లితో జతపరిస్తే పిల్లలు మామూలు రంగుతో పుడతాయి. ఎందుకంటే ఆ వంశాల్లో లోపించిన జన్యువు ఒకటి కాదు. ఒక వంశంలోని లోపాన్ని రెండవ వంశం భర్తీ చేసింది. రూపం ఒకటైనంత మాత్రాన వారసత్వం ఒకటి కాదని దీనివల్ల తెలుస్తుంది.

అంతకంటే బాధాకరమైన పాఠం లెమన్ ఫ్రాస్ట్ అనే వన్నెది. నిమ్మపండు మీద మంచు పట్టినట్లుండే ఈ రంగు ఒకే ఒక్క బల్లిలో మొదలైంది. పెంపకందారులు ముచ్చటపడి దాని వంశాన్ని విస్తరించారు. క్రమంగా ఆ బల్లుల చర్మం మీద తెల్లని కణుతులు రాసాగాయి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిన పరిశోధనలో, ఈ వన్నె గలవాటిలో 80 శాతానికి పైగా కణుతుల బారిన పడుతున్నట్లు తేలింది. తెలుపును మెరిపించే కణాలు హద్దు లేకుండా పెరగడమే ఆ అందానికీ, ఆ రోగానికీ మూలం. స్పింట్1 అనే జన్యువు వైపు వారి పరిశోధన వేలు చూపింది. అందాన్ని ఉంచుకొని జబ్బును తీసేద్దామంటే కుదరలేదు. రెండూ ఒకే వేరుకు పూచినవి.

గొర్రెల్లోనే ఇటువంటి ఉదాహరణ ఉంది. మధ్య ఆసియాకు చెందిన కారకుల్ గొర్రెల్లో బూడిద వన్నె పిల్లల చర్మానికి మంచి గిరాకీ ఉండేది. ఈ వన్నె బహిర్గత లక్షణం. అందుచేత బూడిద పొట్టేలును బూడిద గొర్రెలతోనే కలపాలనిపించడం సహజం. అలా కలిపితే పుట్టిన పిల్లల్లో నాలుగింట ఒక వంతు రెండు వైపుల నుంచీ ఆ జన్యువునే పొందుతాయి. అవి పాలు మాని మేతకు అలవాటుపడే దశలో జీర్ణవ్యవస్థ పనిచేయక చాలావరకు మరణిస్తాయి. బూడిద గొర్రెను నల్లదానితో కలిపితే సగం పిల్లలు బూడిద రంగులోనే పుడతాయి, ఈ మరణాలు ఉండవు. లెక్క తెలిసిన కాపరికి, తెలియని కాపరికి మధ్య తేడా ఇంత.

ఎత్తు మీది మోజుకు విరుగుడుగా మరొక గొర్రెను తలచుకోవాలి. బెంగాల్ సుందరవనాల్లో గరోల్ అనే గొర్రె ఉంది. మన నెల్లూరు పొట్టేలు పక్కన నిలిపితే అది పసిపిల్లలా కనిపిస్తుంది. ఎత్తు చూసి కొనేవాడు దానివైపు కన్నెత్తి చూడడు. కాని ఒక్కో ఈతలో రెండేసి, అరుదుగా మూడేసి పిల్లలను కనే జన్యువు దానిలో దాగి ఉంది. బెంగాల్ గొర్రెలు 1790ల తొలినాళ్లలో ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరాయి. అక్కడి బూరూలా మెరినోల అధిక సంతానానికి ఆ వారసత్వమే మూలమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ అదే గుణాన్ని దక్కనీ గొర్రెల్లోకి తెచ్చి నారీ సువర్ణ అనే రకాన్ని రూపొందించింది. పొట్టిదని ఎవరైనా గరోల్‌ను తుడిచిపెట్టి ఉంటే ఈ సంపద మనకు మిగిలేదా?

దీన్నిబట్టి నా అభిప్రాయం స్పష్టం. పొట్టేలును ఎంచేటప్పుడు రంగుకు చివరి స్థానం ఇవ్వాలి. పరిమాణానికి తగిన విలువ ఇవ్వాలే తప్ప సర్వస్వం చేయరాదు. మొదటి స్థానం కంటికి కనబడని గుణాలకు దక్కాలి. ఆ పొట్టేలు తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఎన్ని పిల్లలను బతికించుకుంది, ఎంత పాలిచ్చింది? చిటుక రోగం, నీలి నాలుక వంటివి మందను పట్టి కుదిపిన ఏడు ఏ తల్లుల సంతానం తట్టుకొని నిలిచింది? వేసవిలో మైళ్ల దూరం నడిచి, మోడుబారిన చేలలో మేసి ఒళ్లు నిలుపుకున్నవి ఏవి? వీటికి జవాబు పొట్టేలు ఒంటి మీద రాసి ఉండదు. కాపరి జ్ఞాపకంలోనో, పుస్తకంలోనో ఉంటుంది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. వన్నెగల పొట్టేలు దొరికిందని దానినే ఏళ్ల తరబడి మందలో ఉంచితే అది తన కూతుళ్లనే కలుస్తుంది. తండ్రీకూతుళ్ల కలయికలో దాగిన లోపాలు జతకూడి బయటపడే అవకాశం బాగా పెరుగుతుంది. బలహీనమైన పిల్లలు, చూలు నిలవకపోవడం దీని ఫలితాలు. అందుకే 25 నుంచి 30 గొర్రెలకు ఒక పొట్టేలును ఉంచి, రెండేళ్లకొకసారి దానిని మార్చాలని పశువైద్యులు చెబుతారు. ఇరుగుపొరుగు కాపరులు పొట్టేళ్లను మార్చుకున్నా ఈ ప్రయోజనం కొంత సిద్ధిస్తుంది.

"కొనేవాడు రంగు చూసే కదా ధర కడతాడు?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పండుగల వేళ నిండైన దేహానికి, నచ్చిన వన్నెకు ఎక్కువ ధర పలకడం నిజం. పూట గడవడం కష్టమైన కాపరిని ఆ ధర వదులుకొమ్మనే హక్కు మనకు లేదు. అయితే అమ్మే జీవం వేరు, మందలో ఉంచుకునే జీవం వేరు. వన్నెగలదాన్ని మంచి ధరకు అమ్ముకోవడంలో తప్పు లేదు. సంతానాన్ని పెంచే పొట్టేలును, ఈనే గొర్రెను ఎంచేటప్పుడు మాత్రం కొనేవాడి కన్ను పనికిరాదు. అక్కడ కాపరి బుద్ధే ప్రమాణం కావాలి. ఒకరు కొన్నారని మరొకరు అదే వన్నెకు ఎగబడితే దాన్ని గొర్రెదాటు అంటారు. గొర్రెలకు అది సహజం. గొర్రెలను కాచే మనిషికి మాత్రం తగదు.

జాతి గుర్తులను గౌరవించవద్దని నా వాదన కాదు. మాచర్ల గొర్రెకు దాని మచ్చలు, జోడిపికి దాని నల్లని కళ్లు ఉండాలి. అవి మన పూర్వుల చేతి ముద్రలు. కాని జాతి ఆ మచ్చల్లో మాత్రమే లేదు. ఎండకు ఓర్చుకొనే చర్మంలో ఉంది, పిల్లను వదలని తల్లి మమకారంలో ఉంది, నాలుగు గరిక పోచలతో కడుపు నింపుకొనే నేర్పులో ఉంది. మచ్చ చక్కగా లేదని బలమైన తల్లిని కోతకు పంపితే, మచ్చతో పాటు కొన్ని శతాబ్దాల వారసత్వాన్ని కూడా పంపినవాళ్లమవుతాం.

ఇందులో చదువుకునే యువతకు ఒక పని ఉంది. జగ్గయ్యపేట, నందిగామల కళాశాలల్లో కాపరి కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు ఉంటారు. వారి ఇళ్లలోని మందకు ఒక నోటు పుస్తకం పెట్టడం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, తండ్రి ఏది, పిల్ల మూడు నెలలకు ఎంత తూగింది, ఏ రోగం వచ్చింది, ఏది బతికింది అని రాస్తే చాలు. మెండల్ కూడా తోటలో బఠానీలను లెక్కపెట్టి, రాసి పెట్టుకున్నవాడే. తాత జ్ఞాపకానికి మనుమడి అక్షరం తోడైన నాడు ఆ మంద నిజంగా వన్నెకెక్కుతుంది.

ఇప్పుడు ఆ పెద్దయ్య ప్రశ్నకు జవాబు చెబుతాను. "పొట్టేలునూ అమ్మవద్దు, తల్లినీ అమ్మవద్దు పెద్దయ్యా. మందంతా తెల్లగానే ఉండాలని అంత కోరిక ఉంటే, నలుపు దాచుకోని మరొక తెల్ల పొట్టేలును తెచ్చి కట్టండి, ఆ ఈతలో నల్లపిల్ల పుట్టదు. కాని ముందు ఆ పిల్లను చూడండి. నిటారుగా నిలబడింది, పొదుగును తలతో కుమ్మి కుమ్మి పాలు తాగుతోంది, తల్లి దాన్ని నాకుతూ కాపాడుకుంటోంది. మీకు కావలసిన గొర్రె ఇదే. గూటం నుంచి తాడు విప్పి మందలో కలపండి."